కొత్తవాడ మూడు చక్రాల బండి: మైలేజ్ డైరీ

జనవరి, సంక్రాంతి తర్వాత

బావ బండి రోడ్డెక్కింది. 100 సీసీ మోటార్‌సైకిల్‌కు వెనక చక్రం, దాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ తీసేసి, డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఉన్న రెండు చక్రాల యాక్సిల్ బిగించాం. దాని మీద ఇనుప చట్రం, చట్రం మీద చెక్క బల్ల. చిన్నప్పుడు పోలియో రావడంతో బావకు ఎడమ కాలు పనిచేయదు. అందుకే గేర్ పెడల్‌కు రాడ్ కలిపి, ట్యాంకు కుడి పక్కకు చేతి లివర్ తెచ్చాం. వెనక బ్రేక్ కుడి కాలి కిందే ఉంది. బండి రూపం మార్చాలంటే మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షన్ ప్రకారం ముందే అనుమతి కావాలి కాబట్టి సదరం సర్టిఫికెట్‌తో (వైకల్యాన్ని ధ్రువీకరించేది) సహా కాగితాలన్నీ పెట్టి, ఆర్సీలో మార్పు రాయించాకే బండి బయటికి తీశాం. ఎవరైనా ఇలాంటిది చేయించుకోవాలనుకుంటే వెల్డింగ్ కన్నా ముందు ఆ పని చూసుకోండి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సుకు ఆ రాతే ఆధారం.

బావ పని కొత్తవాడ నుంచి జంపఖానాల కట్టలు హనుమకొండ షాపులకు వేయడం. కొన్ని రోజులు కాజీపేట స్టేషన్ దాకా పార్సిల్ తీసుకుపోతాడు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది గాని, మగ్గం నుంచి షాపు దాకా కట్ట మోసే ఖర్చు మాత్రం నేసేవాళ్ల మీదే పడుతుంది. ఆటోకు ఇచ్చే కిరాయి మిగిలితే అది ఇంటికి మిగిలినట్టే. ఈ బండి చేసింది అందుకోసమే.

రెండు చక్రాల మీద ఉన్నప్పుడు ఇదే ఇంజన్ లీటరుకు 60 ఇచ్చేది. ఇప్పుడు 33 దగ్గర ఆగింది. "పోసింది పోసినట్టే తాగుతంది బామ్మర్దీ" అన్నాడు బావ. కొంత తగ్గుతుందని ముందే చెప్పి ఉన్నా కాబట్టి మొదట నేనూ సర్ది చెప్పబోయాను. అప్పుడు ఆయన అన్నమాట ఇది: "పెట్రోల్ అయిపోతే నువ్వు దిగి తోసుకుంట పోతవ్. నేనేం జెయ్యాలె?"

ఆ ప్రశ్న విన్నాక ఈ డైరీ మొదలుపెట్టాను. నడవగలిగినవాళ్లకు మైలేజ్ డబ్బుల లెక్క. బావకు అది ఎంత దూరం ధైర్యంగా పోవచ్చన్న లెక్క కూడా. మైలేజ్ పెరగాలి, అంతకన్నా ముఖ్యంగా రోజూ ఒకేలా ఉండాలి.

జనవరి చివర

ముందు కొలత సరిగ్గా ఉండాలి. వంద రూపాయల పెట్రోల్ పోయించి, రిజర్వుకు వచ్చేదాకా తిప్పి లెక్కేయడం మా దగ్గర అందరికీ అలవాటు. దానిలో తేడా చాలా వస్తుంది. మేం ఫుల్ ట్యాంక్ పద్ధతి పెట్టుకున్నాం. ఒకే బంకు, ఒకే పంపు, బండి చదునుగా నిలబడే ఒకే చోటు. ట్యాంకు మెడ లోపల గీసిన గుర్తు దాకా నింపడం, ట్యాంకు చాలావరకు ఖాళీ అయ్యేదాకా తిప్పడం, మళ్లీ అదే గుర్తు దాకా నింపడం. రెండోసారి పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగిస్తే వచ్చేదే మైలేజ్.

మూడు చక్రాల బండ్లలో కిలోమీటర్ల దగ్గర ఒక చిక్కు ఉంటుంది. మీటర్‌కు కేబుల్ ముందు చక్రం నుంచి వచ్చే బండి అయితే వెనక ఏ సైజు చక్రం వేసినా కిలోమీటర్లు తప్పవు. మాది అలాంటిదే. గేర్‌బాక్స్ దగ్గర సెన్సార్ ఉన్న బండికి వెనక చిన్న చక్రాలు వేస్తే మీటర్ ఎక్కువ తిరుగుతుంది, లేని మైలేజ్ ఉన్నట్టు చూపిస్తుంది. అయినా నమ్మకం కోసం ములుగు రోడ్డు మీద కిలోమీటరు రాళ్లతో మీటర్‌ను సరిచూశాం. సరిపోయింది.

నోట్‌బుక్‌లో కిలోమీటర్ల పక్కన కట్టల బరువు కూడా రాయమని బావకు చెప్పాను. ఇంటి లెక్కలు రాసేది అక్కే కాబట్టి ఈ నోట్‌బుక్ కూడా తన చేతికే వెళ్లింది. అక్క రాస్తే ఒక్క ట్రిప్పూ తప్పిపోదు.

ఫిబ్రవరి మొదట్లో

చూపించిన ప్రతి మెకానిక్ కార్బురేటర్ విప్పుతానన్నాడు. జెట్ మార్చాలన్నారు, ప్లగ్ మార్చాలన్నారు, ఒకాయన బోరే చేయాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. యాక్సిల్ బిగించడానికి ముందురోజు దాకా ఇదే ఇంజన్, ఇదే కార్బురేటర్ 60 ఇచ్చాయి. మారింది చైన్ తర్వాత ఉన్న సామాను. వెతకాల్సింది కూడా అక్కడే.

బండి ముందుకు పోవాలంటే ఇంజన్ కొన్నింటితో పోరాడాలి. టైరు నేలను తాకిన చోట నొక్కుకుని మళ్లీ లేచేటప్పుడు పోయే శక్తి ఒకటి. గాలి అడ్డం రెండోది. ఆగి కదిలిన ప్రతిసారీ బరువును మళ్లీ వేగంలోకి తేవడం మూడోది. ఎత్తు ఎక్కడం నాలుగోది. చైన్, బేరింగులు, డిఫరెన్షియల్ లోపల పోయేది ఇంకొంత. మూడో చక్రం వచ్చేసరికి ఇవన్నీ పెరుగుతాయి. ఏది ఎంత పెరిగిందో తెలియకుండా ఏది విప్పినా దండగే.

దానికి దొరికిన ఉపాయం కాంటా. ఎనుమాముల మార్కెట్ దగ్గర తెలిసినవాళ్ల గోదాంలో గచ్చు నున్నగా, చదునుగా ఉంటుంది. బస్తాలు తూచే వేలాడే డిజిటల్ కాంటా అడిగి తీసుకుని, బండి ముందు ఫోర్కుకు తాడు కట్టి, మధ్యలో కాంటా తగిలించాం. బావ బండి మీద కూర్చున్నాడు, న్యూట్రల్‌లో పెట్టాడు. మెల్లగా, ఒకే వేగంతో లాగుతుంటే కాంటా ఎన్ని కిలోలు చూపిస్తుందో అదే బండి దొర్లడానికి కావాల్సిన బలం. అటు ఒకసారి, ఇటు ఒకసారి లాగి సగటు తీస్తే గచ్చు వాలు లెక్కలోంచి పోతుంది.

మనిషి కూర్చున్న మామూలు 100 సీసీ బండిని లాగితే మూడు కిలోల లోపే వచ్చింది. బావ బండి తొమ్మిది చూపించింది.

మూడో చక్రం, యాక్సిల్ బరువు కలిపి చూసుకున్నా ఐదు దాటకూడదు. మిగతా నాలుగు కిలోల బలాన్ని ఏదో పట్టుకుని లాగుతోంది. ఈ నాలుగు కిలోలు ప్రతి మీటరులోనూ, వేగం ఎంతైనా, బండి కదిలినంతసేపూ పెట్రోల్ తింటాయి. కార్బురేటర్ ఎన్నిసార్లు కడిగినా ఇది బయటపడేది కాదు.

ఫిబ్రవరి, జాతర బస్సులు తగ్గాక

యాక్సిల్ కింద జాకీ పెట్టి రెండు వెనక చక్రాలూ లేపి చేత్తో తిప్పాం. ఎడమది తిరిగింది. కుడిది సగం చుట్టు తిరిగి ఆగిపోయింది.

రెండు బ్రేక్ డ్రమ్ములకూ ఒకే పెడల్ నుంచి రెండు రాడ్లు నేరుగా కట్టి ఉన్నాయి. రెండు వైపులా లైనర్లు ఒకేలా అరగవు. ఒకటి బ్రేక్ పట్టేలా బిగిస్తే రెండోది ఎప్పుడూ కొంచెం రాసుకుంటూనే ఉంటుంది. డ్రమ్ము ముట్టుకుంటే వేడిగా తగలడం దీని గుర్తు. పెడల్ నుంచి ఒక్క రాడ్ తెచ్చి, మధ్యలో బోల్టు మీద తిరిగే చిన్న పట్టీ పెట్టి, దాని రెండు చివరల నుంచి డ్రమ్ములకు రాడ్లు ఇచ్చాం. ఇప్పుడు ఒకవైపు ముందు పట్టినా పట్టీ తిరిగి రెండో వైపు కూడా సమానంగా లాగుతుంది. బండి ఒకవైపుకు గుంజడం ఆగింది. మైలేజ్ సంగతి పక్కన పెట్టినా, ఒక కాలితో బండి ఆపుకునే మనిషికి ఈ మార్పు తప్పనిసరి.

బేరింగుల్లో పాత గ్రీజు గట్టిపడి ఉంటే కడిగి కొత్తది పెట్టాం. చైన్ మరీ బిగుతుగా ఉంటే వదులు చేశాం. కాంటా ఏడుకు దిగింది.

ఫిబ్రవరి చివర

మిగతా రెండు కిలోలు టైర్లలో దొరికాయి. కొత్త టైర్ల మీద అరచేత్తో అడ్డంగా రాస్తే బయటికి నున్నగా, లోపలికి గరుకుగా తగిలింది. టైరు నేరుగా దొర్లకుండా పక్కకు రాసుకుంటూ పోతే గాని అలా కాదు.

చూడటానికి దారం చాలు. కొత్తవాడలో దారానికి కొదవ లేదు కదా. ముందు చక్రం నేరుగా పెట్టి, బండి నడిమి గీతకు సమానంగా రెండు పక్కలా దారాలు లాగి కట్టాం. ప్రతి వెనక చక్రం రిమ్ముకు ముందు అంచు నుంచి, వెనక అంచు నుంచి దారం దాకా స్కేలుతో కొలిచాం. రెండూ సమానంగా ఉండాలి. ఎడమ చక్రం దాదాపు నేరుగానే ఉంది. కుడిది ముందు అంచు బయటికి తిరిగి ఉంది, కంటికి తెలియనంత. కానీ ఆ కొద్ది వంకరతోనే టైరు ప్రతి కిలోమీటరులో కొన్ని మీటర్లు పక్కకు ఈడ్చుకుపోతుంది.

దీనికి కారణం వెల్డింగ్ వేడి. యాక్సిల్ ట్యూబుకు ఒకే పక్కన పొడవుగా వెల్డింగ్ కొడితే, చల్లారేటప్పుడు ఆ పక్క కుంచించుకుని ట్యూబు విల్లులా వంగుతుంది. అలా వంగిన ట్యూబు చివర ఉన్న హబ్బు కూడా తిరిగిపోతుంది. మాకు యాక్సిల్ అమ్మిన వర్క్‌షాప్ బ్రాకెట్లన్నీ వెనక పక్కనే కొట్టింది. కొంచెం ఇటు, కొంచెం అటు మార్చి మార్చి కొట్టి ఉంటే ఇది వచ్చేది కాదు. ఆటోనగర్‌లో లేత్ పని చేసే ఒక పెద్దాయన షాఫ్టులు బయటికి తీసి, ట్యూబును ప్రెస్ మీద పెట్టి, డయల్ చూసుకుంటూ నిదానంగా సరిచేశాడు. ఆయన పనితనం చూస్తూ నిలబడటమే ఒక చదువు. తీసుకున్న కూలి కూడా తక్కువే.

బండి మళ్లీ గోదాంకు తీసుకుపోయి లాగాం. ఐదు కిలోలు.

అదే రోజు గాలి సంగతీ చూశాం. వెనక టైర్లలో గాలి మూడో వంతు తగ్గించి లాగితే కాంటా వెంటనే పైకి పోయింది. తగ్గించిన గాలి కంటికి కనిపించదు, టైరు నిండుగా ఉన్నట్టే ఉంటుంది. జంపఖానాల బరువంతా వెనకే పడుతుంది కాబట్టి వెనక టైర్లకు గాలి ఎక్కువ కావాలి. టైరు పక్కన అచ్చు వేసిన గరిష్ఠ పీడనం మాత్రం దాటించొద్దు, గతుకుల్లో బండి ఎగిరి పడుతుంది. బావకు చిన్న గేజ్ కొనిచ్చాను. వారానికి ఒకసారి, పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి.

మార్చి

అక్క నోట్‌బుక్‌లో ఇప్పుడు సగటు 40 మీద ఉంది. అయినా ఇంజన్ ఎక్కువ అరుస్తోంది. 40 వేగానికే నాలుగో గేర్‌లో చెవులు హోరెత్తుతున్నాయి.

మోటార్‌సైకిల్ వెనక టైరు గుండ్రంగా ఉండేది మలుపులో బండి వాలడానికి. మూడు చక్రాల బండి వాలదు. మలుపు తిరిగితే బలమంతా చక్రం మీద పక్కకు పడుతుంది, పెద్ద స్పోక్ చక్రాలు దానికి ఆగవు. అందుకే వెనక ఆటోకు వాడే 8 అంగుళాల చక్రాలు వేశాం. ఈ దారి కొత్తదేమీ కాదు. వెస్పా ఇంజన్‌కు వెనక రెండు చక్రాలు కలిపి పియాజియో ఇటలీలో 1948లో తెచ్చిన మూడు చక్రాల ‘ఆపే’ కూడా చిన్న చక్రాల బండే. చక్రం చిన్నదైతే బల్ల కిందికి దిగుతుంది, కట్టలు ఎత్తిపెట్టడం సులువు, బండి పల్టీ కొట్టే భయం తక్కువ. గుంతలో మాత్రం చిన్న చక్రం ఎక్కువ దిగి ఎక్కువ శక్తి తింటుంది.

అసలు లెక్క గేరింగ్‌లో ఉంది. మొదటి 18 అంగుళాల చక్రం ఒక చుట్టుకు దాదాపు 1.9 మీటర్లు పోయేది. ఇప్పటిది దాదాపు 1.3 మీటర్లు. అంటే అంతే దూరానికి ఇంజన్ దాదాపు ఒకటిన్నర రెట్లు తిరుగుతోంది. ప్రతి చుట్టుకూ పిస్టన్ రాపిడి, వాల్వుల రాపిడి కొంత తింటాయి. చక్రం చిన్నదైనంత మేర వెనక స్ప్రాకెట్‌నూ (చైన్ తిరిగే పళ్ల చక్రం) చిన్నది చేయాలి. ముందు 14, వెనక 42 పళ్లు ఉన్నాయి. లెక్క ప్రకారం 29 పళ్లు వేస్తే పాత గేరింగ్ వస్తుంది. కానీ బరువు పెరిగింది. కట్టలు నిండా వేసుకుని కాజీపేట బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఇంజన్ దడదడలాడకూడదు, క్లచ్ జారకూడదు. అలా ఈడ్చుకుంటూ ఎక్కితే మైలేజూ పోతుంది, క్లచ్ ప్లేట్లూ పోతాయి. మధ్యలో 34 దగ్గర ఆగాం. బ్రిడ్జి రెండో గేర్‌లో ఎక్కుతోంది. మామూలు రోడ్డు మీద అరుపు తగ్గింది. సగటు 43.

బండి చేయించుకునేవాళ్లలో చాలామంది స్ప్రాకెట్ సంగతి అడగనే అడగరు. యాక్సిల్‌తో పాటు ఏది వస్తే అదే ఉంచుతారు. అడగండి.

మార్చి చివర, పెట్రోల్ గురించి

బావ అడిగాడు: "పెట్రోల్‌ల ఇథనాల్ కలుపుతున్రు గదా, దానితోని కాదా?" కొంత నిజమే. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్ కన్నా సుమారు మూడో వంతు తక్కువ. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది. నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే, ఇథనాల్ లేని పెట్రోల్‌కు తయారై 10 శాతం మిశ్రమానికి సర్దిన టూవీలర్లకు దీనితో 3 నుంచి 4 శాతం మైలేజ్ తగ్గుతుందని అంచనా వేశారు. మా లెక్కలో అది లీటరుకు ఒకటిన్నర కిలోమీటర్లు. 60 నుంచి 33కు పడిపోవడానికి అది కారణం కాదు. రెండు చక్రాల మీద 60 ఇచ్చినప్పుడు పోసిందీ ఈ పెట్రోలే.

కార్బురేటర్ ఇప్పుడు విప్పాం, అన్నీ సరయ్యాక. ఎయిర్ ఫిల్టర్ నిండా జంపఖానాల నూలు దుమ్ము. మగ్గాల మధ్య బండి పెట్టేవాళ్లు ఫిల్టర్ తొందర తొందరగా చూసుకోవాలి. శుభ్రం చేశాక పికప్ బాగైంది. మైలేజ్‌లో పెద్ద తేడా నోట్‌బుక్‌లో కనిపించలేదు.

ఏప్రిల్

అక్క లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలింది. ఒకే బరువుతో కూడా హనుమకొండ చౌరస్తా మీదుగా పోయిన ట్యాంకులు, కాజీపేట స్టేషన్ పార్సిళ్లు ఎక్కువగా ఉన్న ట్యాంకుల కన్నా తక్కువ ఇచ్చాయి. కారణం ఎంజీఎం ఆసుపత్రి నుంచి చౌరస్తా దాకా ఆగి కదలడమే. మనిషి, బండి, కట్టలు కలిపి మూడు వందల కిలోలకు పైన ఉన్నదాన్ని 30 వేగానికి తెచ్చి, వెంటనే బ్రేక్ కొడితే ఆ శక్తంతా డ్రమ్ములో వేడై పోతుంది. బరువు రెట్టింపైతే ఆ నష్టమూ రెట్టింపే. సిగ్నల్ ఎర్రగా కనిపించగానే యాక్సిలేటర్ వదిలేసి దొర్లనివ్వమని చెప్పాను. ఇప్పుడు బండి బాగా దొర్లుతుంది కాబట్టి ఆ అలవాటుకు ఫలితం కూడా ఎక్కువ. బావ ఇప్పుడు పొద్దున ఎనిమిది లోపే చౌరస్తా దాటేలా బయలుదేరుతున్నాడు.

హసన్‌పర్తి దాటాక చదునుగా ఉన్న ఒక చోట, రోడ్డు ఖాళీగా ఉన్న వేళ చూసుకుని ఇంకో పరీక్ష చేశాం. 40 వేగం దాకా తెచ్చి న్యూట్రల్ చేసి, వేగం 20కి పడటానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్‌లో చూడటం. ఎదురుగాలి లెక్కలోంచి పోవడానికి అటూ ఇటూ చేయాలి. ఈ పరీక్ష చేసింది కట్టలు పెట్టే తీరు కోసం. అవే కట్టలు, అదే బరువు. నిలువుగా పెడితే బావ భుజాల పైకి గోడలా లేస్తాయి. అడ్డంగా, పొడవు బండి పొడవునా పడుకోబెడితే బావ వీపు చాటున దాగుతాయి. నిలువుగా పెట్టినప్పుడు వేగం తొందరగా పడిపోయింది. గాలి అడ్డం వేగంతో పాటు ఊరికే పెరగదు. వేగం రెట్టింపైతే గాలి తోసే బలం నాలుగింతలవుతుంది. ఊళ్లో 25, 30 మీద తిరిగేటప్పుడు ఇది పెద్దగా తెలియదు. మడికొండ దాటి జనగామ దారిలో 50 మీద పోతే మాత్రం టైర్ల కన్నా గాలే ఎక్కువ తింటుంది. అందుకే దూరం పోయే రోజు 40 దాటొద్దని, కట్టలు పడుకోబెట్టే కట్టాలని అనుకున్నాం.

మే మొదట్లో

ఎండలు ముదిరాయి. బావకు టాప్ కావాలి. పగలు రెండు దాకా హెల్మెట్ కింద తల మాడిపోతోందంటున్నాడు. అక్క అయితే మైలేజ్ మాట ఎత్తితేనే కోప్పడింది: "ముందు మనిషిని చూడరా." తను చెప్పిందే న్యాయం.

టాప్ కచ్చితంగా గాలికి అడ్డమే. కాబట్టి ఎలాంటి టాప్ వేయాలన్నదే మిగిలిన పని. ముందు అద్దం, పక్క పరదాలతో ఆటోలా మూసేస్తే ముందు నుంచి కనిపించే వైశాల్యం చాలా పెరుగుతుంది, వెనక పరదా గాలిని గొడుగులా పట్టుకుంటుంది. మేం పలుచని పైపులతో, బావ తలకు జానెడు పైన, వెనక్కి కొంచెం వాలేలా రెగ్జిన్ టాప్ వేశాం. రెగ్జిన్ అన్ని వైపులా బిగించి కట్టాం, ఎందుకంటే రెపరెపలాడే గుడ్డ కూడా శక్తి తింటుంది. వెనక పరదా చుట్టి పైకి కట్టే ఉంటుంది, వాన వస్తేనే దించాలి.

టాప్‌తో మొదటి రెండు ట్యాంకులు 41 దగ్గర తేలాయి. నోట్‌బుక్ చూసి బావ అన్నాడు: "రెండు పోతే పోనీ, నీడకు కిరాయి అనుకుంట." ఆయనకు ఇంకా బాగా నచ్చింది వేరే. నెలన్నరగా ఒకే బరువున్న ట్యాంకుల మధ్య తేడా ఒకటి, రెండు కిలోమీటర్లకు మించడం లేదు. ట్యాంకు మీద పెయింటుతో చిన్న అంకె రాసుకున్నాడు. నింపినప్పటి నుంచి మీటర్‌లో ఆ అంకె తిరిగితే ఎక్కడున్నా బంకుకు పోవాలని. రిజర్వు దాకా రానివ్వడు.

వచ్చే నెల చేయాల్సింది ముందు ఫోర్కు. బరువు వేసినప్పుడు హ్యాండిల్ గట్టిగా తిరుగుతోంది, భుజం నొస్తోందంటున్నాడు. కొత్తవాడలోనే ఇంకొకాయన యాక్సిల్ కొనబోతూ అడిగితే, బిగించకముందే దారం కట్టి చూపించమని వర్క్‌షాప్ వాళ్లను అడగమన్నాను. కాంటా మళ్లీ గోదాం నుంచి తేవాలి.